అటకమీది కంప్యూటర్లు: ఒక సంవాదం

వాడుకలోంచి తొలగిపోయిన కంప్యూటరును విప్పి, దుమ్మూ తుప్పూ వదలగొట్టి, చెడిన భాగాలను మార్చి, అది కొత్తలో చేసిన పనినే మళ్లీ చేసేట్లు నిలబెట్టడాన్ని పునరుద్ధరణ అంటారు. ఇంట్లోనే ఒక బల్లమీద సోల్డరింగ్ ఐరనూ మల్టీమీటరూ పెట్టుకుని, సొంత అవసరానికో సరదాకో చిన్నచిన్న సర్క్యూట్లు కట్టుకోవడం అభిరుచి ఎలక్ట్రానిక్స్. ఈ రెండూ వేరువేరు పనులుగా కనిపించినా ఒకే బల్లమీద, ఒకే పనిముట్లతో సాగేవి కనుక ఒకదాన్ని పట్టినవారు రెండోదాన్ని వదలడం అరుదు. గాలిలో తేమ ఏడాది పొడవునా తగ్గని గోదావరి డెల్టాలో, ఇనుము ఇనుముగా నిలవడమే కష్టమైన చోట, ముప్పై నలభై ఏళ్లనాటి యంత్రాలను కాపాడబూనడం వివేకమా, వ్యర్థ ప్రయాసమా అన్నది ఇక్కడి చర్చ.

చర్చించేవారు ఇద్దరు. విద్యుత్ శాఖలో ఉద్యోగ జీవితమంతా గడిపి, విరమించి, రాజమహేంద్రవరంలో స్థిరపడిన పెద్దాయన ఒకరు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధించే ఆయన అన్నగారి కొడుకు మరొకరు. పూర్వపక్షాన్ని బలహీనంగా చూపి సిద్ధాంతాన్ని గెలిపించడం మన శాస్త్ర సంప్రదాయం ఒప్పుకోని పని. పైగా కరెంటు ప్రమాదాలను కళ్లారా చూసినవాడు ఆక్షేపించేటప్పుడు ఆ ఆక్షేపణను తేలిగ్గా తీసుకోవడం తగదు కనుక, పెద్దాయన మాటలను ఇక్కడ ఏమాత్రం కుదించలేదు.

బాబాయి: అబ్బాయ్, అమెరికాలోనో ఇంగ్లండులోనో ఒక పెద్దమనిషి తన చిన్ననాటి సింక్లెయిర్ కంప్యూటరును బాగుచేసుకుంటున్నాడంటే అర్థముంది. 1982లో వచ్చిన ఆ యంత్రంమీద వాడు ఆటలాడాడు, ప్రోగ్రాము రాయడం నేర్చుకున్నాడు, వాడి బాల్యం అందులో ఉంది. అదే ఏడాది మన కోనసీమలో ఎన్ని ఇళ్లలో టీవీ ఉంది? టీవీయే లేని ఊళ్లో కంప్యూటరు ఎక్కడిది? పరాయివాడి జ్ఞాపకాన్ని అరువు తెచ్చుకుని, దాన్ని సంస్కృతి అనుకుని, పాత సామాన్ల కొట్లో డబ్బు పోసి కొనుక్కోవడం మనకు ఎందుకు?

అబ్బాయి: ఇళ్లలో లేదన్నది నిజమే బాబాయిగారూ. అయితే ఇళ్లలో లేని వస్తువు ఊళ్లో లేదనీ, ఊళ్లో లేనిది మనది కాదనీ అనుకోవడం తొందరపాటండి. భీమవరం పక్కనున్న మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లి ఇంజినీరింగు నేర్చుకుని, తిరిగివచ్చి హోమీ భాభా బృందంలో చేరారు. 1956లో ట్రాంబేలో పనిచేయడం మొదలుపెట్టిన అప్సర రియాక్టరుకు కావలసిన నియంత్రణ పరికరాలను దిగుమతి చేసుకోకుండా ఇక్కడే తయారుచేసింది ఆయన నడిపిన ఎలక్ట్రానిక్స్ బృందమే. ఆ అనుభవంమీదే 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ ఏర్పడింది. డెల్టా వరిచేల మధ్య పుట్టిన మనిషి నడిపిన సంస్థ తయారుచేసిన కంప్యూటర్లను పరాయివని ఎలా అంటామండి?

ఇక్కడ కొంత వివరణ అవసరం. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అన్న పేరును కుదించి టీడీసీ అన్నారు. 1969లో వెలువడిన టీడీసీ-12 అనేది 12 బిట్ల యంత్రం, అంటే ఒక్కసారికి 12 సున్నా-ఒకట్ల వరుసను ఒకే పదంగా తీసుకుని లెక్క కట్టే యంత్రం. ఆ తరవాత 1970ల నడుమ టీడీసీ-312, 16 బిట్ల టీడీసీ-316 వచ్చాయి. ఈసీ పేరుతో టీవీలు అమ్మిన సంస్థగానే తెలుగు ఇళ్లు ఈసీఐఎల్‌ను గుర్తుపెట్టుకున్నాయి గానీ, ఆ టీవీల వెనక దేశంలోనే రూపొందించిన కంప్యూటర్లను వరసగా తయారుచేసి అమ్మిన కర్మాగారం ఉన్న సంగతి మోగల్లులోనే కాదు, హైదరాబాదులో సాంబశివరావుగారి పేర వెలసిన కాలనీలో నివసించేవారిలోనూ చాలామందికి తెలియదు. ఇది విచారించదగిన విషయం.

బాబాయి: సాంబశివరావుగారు గొప్పవారే, కాదనను. కానీ ఆయన యంత్రాలు నీ బల్లమీదికి రావడం లేదుగదా. బీరువాలంతటి ఆ యంత్రాలు ప్రయోగశాలల్లో పుట్టి ప్రయోగశాలల్లోనే తుక్కయిపోయాయి. నీ దగ్గరికి వచ్చేవి ఏమిటి?

అబ్బాయి: మూడు రకాలండి. మొదటిది బడుల నుంచి వచ్చేది. కేంద్ర ప్రభుత్వం 1984-85లో క్లాస్ అన్న పథకం పెట్టి, మొదటి ఏడాది సుమారు 250 పాఠశాలలకు బ్రిటిష్ తయారీ బీబీసీ మైక్రో యంత్రాలను పంపింది. 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తితో, 2 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే ఆ యంత్రానికి స్విచ్చి వేయగానే ఆజ్ఞ కోసం కాచుకుని ఉండే బేసిక్ భాష ఎదురయ్యేది. రెండో రకం పాలిటెక్నిక్, ఇంజినీరింగు కాలేజీల ప్రయోగశాలల్లో వాడి తీసేసిన 8085 ట్రైనర్ కిట్లు. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ప్రెస్సుల్లోనూ డీటీపీ కేంద్రాల్లోనూ 1990లలో తెలుగు అక్షరాలు కూర్చిన పీసీలు.

ఈ మూడింటిలో 8085 కిట్‌ను దగ్గరగా చూస్తే పునరుద్ధరణ అంటే ఏమిటో తేటపడుతుంది. ఇంటెల్ 1976లో విడుదల చేసిన 8085 ప్రాసెసరు చుట్టూ కట్టిన చిన్న బోర్డు అది. దానికి తెర ఉండదు. ఎర్రటి అంకెలు వెలిగే ఆరు గళ్లూ, అంకెలూ అక్షరాలూ ఉన్న కొద్దిపాటి మీటలూ ఉంటాయి. విద్యార్థి 3ఇ, 05, 06, 03, 80, 76 అని వరసగా నొక్కితే, మొదటి జంట 5ను ఒక గదిలో పెట్టమనీ, రెండో జంట 3ను మరో గదిలో పెట్టమనీ, 80 ఆ రెంటినీ కూడమనీ, 76 ఆగమనీ యంత్రానికి అర్థమవుతుంది. యంత్రానికీ మనిషికీ నడుమ ఇంతకన్నా పలుచని తెర ఉండే చోటు మరొకటి దొరకదు. ఇలాంటి కిట్ వెలగకపోతే ముందు 5 వోల్టుల సరఫరా అందుతోందా అని మీటరుతో చూస్తారు. తరవాత గడియారపు స్పందనలిచ్చే స్ఫటికాన్నీ, ఆపైన రీసెట్ తీగనూ పరీక్షిస్తారు. ఇవన్నీ బాగున్నా బోర్డు మూగగా ఉంటే అప్పుడు అనుమానం ఈప్రామ్‌మీదికి పోతుంది. ఈప్రామ్ అంటే, కరెంటు పోయినా చెరగకుండా ప్రోగ్రామును దాచే చిప్పు. దాని నడినెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది. అతినీలలోహిత కాంతి ఆ కిటికీలోంచి పడితే అందులో రాసింది చెరిగిపోతుంది కనుక దానిమీద ఒక కాగితపు చీటీ అంటిస్తారు. దశాబ్దాలు గడిచాక జిగురు ఎండి, ఆ చీటీ రాలిపోతుంది.

బాబాయి: అవన్నీ నేర్పడానికి కొత్త బోర్డులు లేవా? ఇటలీవాళ్లు 2005లో ఆర్డుయినో తెచ్చారు, 2012లో రాస్ప్‌బెరీ పై వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా ఒక పూటలో దీపాన్ని మినుకుమినుకు మనిపిస్తున్నాడు. ఇక పాతవాటి సంగతి. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. ఆనకట్ట నాటి వస్తువులూ పాత యంత్రాలూ అక్కడ పెట్టారు, పిల్లలు వెళ్లి చూస్తున్నారు. వాటిని ఎవరూ తిప్పి చూపడంలేదు, అయినా చరిత్ర నిలిచింది. నీ కంప్యూటర్లనూ అలాగే అద్దాల బీరువాలో పెట్టిస్తే సరిపోదా?

అబ్బాయి: ఆనకట్ట లాకు తలుపును చూడగానే నీరు ఎలా ఆగుతుందో, ఎలా వదులుతుందో సగం బోధపడుతుందండి. దాని పని దాని రూపంలోనే ఉంది. కంప్యూటరు అలాంటిది కాదు. నడవని కంప్యూటరు ఒక పెట్టె. దానిలోని చిప్పులు నల్లగా ఉంటాయి, వాటి లోపల ఏం జరుగుతుందో కంటికి ఆనదు. అందుకే కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంవారు, 1959లో వచ్చిన ఐబీఎం 1401ను బీరువాలో పెట్టి ఊరుకోకుండా, దాన్ని నడిపించిన పాత ఇంజినీర్లను కూడగట్టి, కార్డులు చదివి ప్రింటరు మోగేదాకా బాగుచేయించి, వచ్చినవారికి నడిపి చూపిస్తున్నారు. ఆర్డుయినో విషయంలో మీరన్నది నిజమే. మొదలుపెట్టేవాడికి అదే మంచిది. పాత బోర్డుతో మొదలుపెట్టమని ఏ పిల్లవాడికీ చెప్పకూడదు కూడా.

బాబాయి: నడిపి చూడాలంటే ఎమ్యులేటర్లు ఉన్నాయటగా.

ఎమ్యులేటర్ అంటే, పాత యంత్రం ఎలా ప్రవర్తించేదో అలాగే ప్రవర్తించేట్లు కొత్త కంప్యూటరులో రాసిన ప్రోగ్రాము. ఇవాళ బీబీసీ మైక్రోను బ్రౌజరులోనే నడుపుకోవచ్చు. పాత డాస్ ఆటలకు డాస్‌బాక్స్ ఉంది. పెద్దాయన వేసిన ప్రశ్నల్లో అన్నిటికన్నా పదునైనది ఇదే. యంత్రం ప్రవర్తన సాఫ్ట్‌వేరుగా నిలిచి ఉంటే లోహాన్నీ ప్లాస్టిక్కునూ కాపాడే శ్రమ ఎందుకన్న ఈ అభిప్రాయం ప్రపంచమంతటా విజ్ఞులైనవారు చెబుతున్నదే. దీనికి సమాధానం సిద్ధాంతాల్లో వెతికితే తెగదు. రాజమహేంద్రవరంలో వెతకాలి.

అబ్బాయి: ఎమ్యులేటరు ఖాళీ కుండ బాబాయిగారూ. అందులో పోయవలసింది పాత చిప్పులోంచీ, పాత ఫ్లాపీలోంచీ తీయాలి. తీయడానికి పాత యంత్రమో, కనీసం దాని డ్రైవో నడవాలి. మన ఊరి సంగతే చూడండి. వీరేశలింగంగారు 1874లో వివేకవర్ధని ప్రారంభించిన నాటినుంచి ఈ ప్రాంతానికి అచ్చుతో బంధం ఉంది. సీసపు అక్షరాల కాలం పోయి 1990లలో డీటీపీ వచ్చింది. అప్పటినుంచి ఇక్కడ అచ్చయిన నవలలూ, పంచాంగాలూ, ఆలయాల స్థలపురాణాలూ, కవుల సొంత ఖర్చు సంపుటాలూ, ఊరి సంచికలూ చాలావరకు పేజ్‌మేకర్‌లో కూర్చినవే. ఆ పేజ్‌మేకర్ చివరి రూపం 2001లో వచ్చిన 7.0. తరవాత అది ఆగిపోయింది. ఆ ఫైళ్లు ఇవాళ తెరిస్తే ఏం కనబడుతుందో మీకు తెలుసా?

బాబాయి: తెలుగే కనబడాలి.

అబ్బాయి: అక్షరం ముక్క కూడా తెలుగు కనబడదండి. ఆంగ్ల అక్షరాలూ గుర్తులూ కలగలిసిన గజిబిజి కనబడుతుంది.

కారణం సాంకేతికమైనదే అయినా తెలుగు చదువరి ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసినది. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే స్థానం దొరికింది. అదే ఏడాది బ్రాహ్మీ మూలమైన భారతీయ లిపులకు ఒకే ప్రమాణంగా ఇస్కీని కూడా ప్రకటించారు. పుణెలోని సీడాక్ సంస్థ జిస్ట్ కార్డు అనే పలకను అభివృద్ధి చేసింది. దాన్ని కంప్యూటరులో గుచ్చితే డాస్ తెరమీదే తెలుగు వచ్చేది. అయినా అచ్చు వ్యాపారం ఈ ప్రమాణాల కోసం ఆగలేదు. అను, శ్రీలిపి వంటి ఫాంట్లు వచ్చాయి. వీటిలో తెలుగు అక్షరాన్ని ముక్కలుగా విడదీసి, తలకట్టును ఒకచోటా, గుడిని ఒకచోటా, వత్తును మరోచోటా ఆంగ్ల అక్షరాల గళ్లలో కూర్చేవారు. ఏ ముక్క ఏ గడిలో ఉండాలన్నది ఒక్కో ఫాంటు తయారీదారు ఇష్టం. కాబట్టి ఫాంటు ఉన్నంతవరకే అది తెలుగు. పోనీ ముక్కకు ముక్క మార్చితే సరిపోతుందా అంటే అదీ లేదు. రాజమండ్రి అన్న మాటలో చివరి అక్షరాన్ని తీసుకుంటే, ఈ ఫాంట్లలో గుడితో కూడిన ‘డి’ ఒక ముక్కగా, క్రారవడి వేరే ముక్కగా, కంటికి కనబడే వరసలో ఉంటాయి. యూనికోడ్‌లో డకారం, పొల్లు, రకారం, ఆపైన గుడి అనే ఉచ్చారణ వరస ఉండాలి. మార్చే ప్రోగ్రాము ప్రతి సంయుక్తాక్షరాన్నీ ఇలా విప్పి మళ్లీ పేర్చవలసిందే. ఇది కుదిరిందో లేదో చూసుకోవాలంటే, అసలు పేజీ తెరమీద ఎలా ఉండేదో పక్కన కనబడాలి. అంటే ఆనాటి విండోస్, ఆనాటి పేజ్‌మేకర్, ఆనాటి ఫాంటు ఒకచోట నడుస్తూ ఉండాలి.

బాబాయి: విండోస్ 98ను కూడా ఎమ్యులేటరులో నడపవచ్చుగా?

అబ్బాయి: నడపవచ్చు, చాలాసార్లు అదే దారి. అయితే ఆనాటి భారతీయ భాషల డీటీపీ సాఫ్ట్‌వేర్లలో కొన్నిటికి దొంగ కాపీలు పుట్టకుండా ఒక తాళం పెట్టేవారు. ప్రింటరు తీగ తగిలించే పారలల్ పోర్టుకు అగ్గిపెట్టెంత డాంగిల్ బిగించాలి. అది లేనిదే సాఫ్ట్‌వేరు తెరుచుకోదు. కొత్త లాప్‌టాపుల్లో ఆ పోర్టే లేదు. డాంగిల్ చేతిలో ఉన్నా, దాన్ని తగిలించే చోటున్న పాత పీసీ బతికి ఉండాలి. 1980ల నాటి ఎంఎఫ్ఎం హార్డ్ డిస్కులైతే మరీ చిక్కు. 20 మెగాబైట్ల ఆ డిస్కుకు దాని సొంత కంట్రోలర్ కార్డు కావాలి, ఆ కార్డుకు దాని కాలపు బోర్డు కావాలి. ఒక చోట గొలుసు తెగితే లోపలి రాతకు దారి మూసుకుపోయినట్లే.

ఈ స్థానంలో పెద్దాయన కొంతసేపు మౌనం వహించాడని రాయడం నాటకీయత కోసం కాదు. అచ్చులో ఉన్న పుస్తకం ఉండగా ఫైలు దేనికన్న ఎదురు ప్రశ్న ఆయన వేయగలిగినదే. కానీ అచ్చయిన ప్రతులు ఐదువందలకో వెయ్యికో ఆగిపోయి, చెదలకూ వానకూ సగం పోయి, రచయిత కాలం చేసి, వారసుల దగ్గర ఒక ఫ్లాపీ తప్ప మిగలని పరిస్థితి ఈ డెల్టాలో అరుదైనది కాదని ఆయనకు తెలుసు. తాళపత్రాలను కాపాడాలన్న స్పృహ మనకు నూరేళ్లుగా ఉంది. ముప్పై ఏళ్ల కిందటి ఫ్లాపీ తాటాకుకన్నా వేగంగా పాడయ్యేదని ఇంకా గ్రహించవలసి ఉంది. డెల్టా తేమకు ఫ్లాపీలోని పలుచని చక్రంమీద బూజు తెల్లని మచ్చలుగా కడుతుంది. ఆ మచ్చలు చూడకుండా డ్రైవులో పెడితే చదివే తల మురికిపట్టి, అయస్కాంతపు పూతను గీకేస్తుంది. అప్పటిదాకా బతికున్న రాత ఆ ఒక్క తిరుగుడుతో పోతుంది. తొడుగు తెరిచి, చక్రాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో మెల్లగా తుడిచి, నీడన ఆరబెట్టి, ఆ తరవాతే చదివించాలి.

బాబాయి: సరే, రాతను బయటికి తీయడం మంచి పనే అనుకుందాం. దానికోసం ఇంట్లో మంట పెట్టుకోవడం మాత్రం ఒప్పుకోను. ఎన్నో ఏళ్లు అటకమీద పడి ఉన్న యంత్రాన్ని కిందికి దించి, దుమ్ము దులిపి, ప్లగ్గు పెట్టి స్విచ్చి వేయడం చూస్తే గుండె ఆగిపోతుంది. పాత టీవీలనాటినుంచీ మెకానిక్కులకు ఉన్న జాగ్రత్త ఈ కుర్రవాళ్లకు లేదు.

అబ్బాయి: ఆ విషయంలో మీమాటే శాస్త్రం. ప్లగ్గు చివరి మెట్టు కావాలి. బీబీసీ మైక్రో విద్యుత్ సరఫరా పెట్టెలో, మెయిన్స్ వచ్చే చోట, కాగితం పొరలతో చేసిన రిఫా రకం కెపాసిటర్లు ఉంటాయి. మన మెకానిక్కుల భాషలో కండెన్సర్లు. వాటిమీది పారదర్శకమైన తొడుగు ఏళ్లు గడిచేకొద్దీ వెంట్రుకవాసి పగుళ్లు పడుతుంది. ఆ పగుళ్లలోంచి కాగితం తేమను పీల్చుకుంటుంది. స్విచ్చి వేసిన కాసేపటికి అవి దట్టమైన పొగ వదిలి పేలుతాయి. ఇంగ్లండులోనే ఇలా జరుగుతుంటే అంతర్వేది సముద్రపు గాలికి ఏం జరుగుతుందో చెప్పనక్కరలేదు. అందుకే వాటిని పరీక్షించి చూడాలనికూడా అనుకోకుండా ముందే తీసి కొత్తవి వేయాలి. తరవాత సిరీస్ బల్బు పెట్టాలి.

సిరీస్ బల్బు అనేది మన రేడియో మెకానిక్కుల సొత్తు. మరమ్మతు చేసిన యంత్రానికి మెయిన్స్‌ను సూటిగా ఇవ్వకుండా, దారిలో ఒక 100 వాట్ల పాత రకం ఫిలమెంటు బల్బును వరసలో కలుపుతారు. లోపల షార్టు ఉంటే బల్బు పూర్తి కాంతితో వెలిగి, వోల్టేజీనంతా తనమీద వేసుకుని, యంత్రాన్ని కాపాడుతుంది. యంత్రం బాగుంటే బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తుంది. ఖరీదైన పరికరం ఏదీ లేని కొట్లలో, ఏ పుస్తకమూ చదవని మేస్త్రీలు ఈ ఒక్క బల్బుతో ఎన్నో రేడియోలనూ టీవీలనూ కాపాడారు. ఈ పద్ధతిని పుస్తకాల్లోకి ఎక్కించవలసిన బాధ్యత ఇప్పటి అధ్యాపకులమీద ఉంది.

బాబాయి: బల్బు మంచిదే. కానీ ఇప్పటి పీసీల ఎస్ఎంపీఎస్ రకం విద్యుత్ సరఫరాకు అది పూర్తి రక్ష కాదు. వోల్టేజీ తగ్గితే అది ఎక్కువ కరెంటు లాగబోతుంది, మొదలుకాకుండా ఆగి ఆగి తన్నుకుంటుంది. అది చూసి కుర్రవాడు సరఫరా చెడిందనుకుని మంచి భాగాలు పీకుతాడు. ఇక పిక్చర్ ట్యూబు మానిటర్ల సంగతి చెప్పు. రంగుల ట్యూబు వెనక 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు తీసేశాక కూడా ట్యూబు తనలో విద్యుత్తును దాచుకుంటుంది. అది తెలియక చెయ్యి పెట్టినవాడు ఎగిరిపడి, తలో చెయ్యో పగలగొట్టుకుంటాడు.

అబ్బాయి: మానిటరును ఇంట్లో విప్పకూడదన్నదే నియమంగా పెట్టుకోవడం మంచిదండి. ట్యూబు గ్రౌండుకు కలిపిన తీగతో దాన్ని ముందు ఖాళీ చేయడం తెలిసిన మేస్త్రి దగ్గరికే పంపాలి. మిగతావి చేతిలో పట్టేవే. మదర్‌బోర్డుమీది నికెల్ కాడ్మియం బ్యాటరీ కారితే క్షారం రాగి దారులను పచ్చగా తినేస్తుంది. బ్యాటరీ పీకేసి, వెనిగరు చుక్కలతో క్షారాన్ని చంపి, ఆల్కహాలుతో కడగాలి. సోల్డరు, మనవాళ్లు లెడ్డు అనేది, తగరమూ సీసమూ 60కి 40 పాళ్లలో కలిసి 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెడుతుంది. ఆ వేడికి సీసం ఆవిరి కాదు. కళ్లు మండించే పొగ ఫ్లక్సుది. సీసం చేతులకు అంటి అన్నంలోకి పోతుంది కనుక, పని ముగిశాక చేతులు కడుక్కోకుండా భోజనానికి కూర్చోకూడదు. భోజనం చేసే బల్లమీద పని అసలు పెట్టకూడదు.

ఇంతవరకు పాత యంత్రాల సంగతి. ఇంట్లో కొత్త సర్క్యూట్లు కట్టడంపై పెద్దాయన ఆక్షేపణ ఇంకా ఘాటైనది. ఏ మాడ్యూలైనా రెడీమేడ్‌గా చౌకకు దొరుకుతున్నప్పుడు చేత్తో కట్టడం దండగ అనేది అందులో సగం. చేత్తో కట్టినదాన్ని నమ్ముకుంటే నష్టం అనేది మిగతా సగం. దీనికి డెల్టాలో తగిన ఉదాహరణ రొయ్యల చెరువు. భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల చెరువుల్లో పగలు నీటిలోని నాచు కిరణజన్య సంయోగక్రియతో ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్, రైతులు డీవో అనేది, అట్టడుగుకు పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరియేటర్లు ఆగి, కాపలావాడు నిద్రలో ఉంటే, జనరేటరు వేసేవాడు లేక పంట మొత్తం పోతుంది.

అబ్బాయి: కరెంటు పోగానే మోగే బజ్జరును రెండోయేడు విద్యార్థి ఒక సాయంత్రంలో కట్టగలడు. 230 వోల్టుల రిలే ఒకటి, బ్యాటరీ ఒకటి, బజ్జరు ఒకటి చాలు. కరెంటు ఉన్నంతసేపూ రిలే తన పలకను లాగిపట్టి ఉంచుతుంది. కరెంటు పోగానే పలక స్ప్రింగు బలంతో వెనక్కి పడి, బ్యాటరీని బజ్జరుకు కలుపుతుంది. మెయిన్స్ తీగ తెగినా, రిలే కాయిల్ కాలినా కూడా అది మోగుతుందే తప్ప మౌనంగా ఉండదు. లోపం వచ్చినప్పుడు జాగ్రత్తవైపే ఒరిగేట్లు కట్టడం ఈ చిన్న సర్క్యూటు నేర్పే పెద్ద విషయం. రెడీమేడ్ కొన్నవాడికి ఆ సంగతి చెప్పేవారుండరు.

బాబాయి: బ్యాటరీ చచ్చిపోతే?

అబ్బాయి: అప్పుడు మోగదు. అందుకే వారానికోసారి స్విచ్చి తీసి మోగించి చూడాలి.

బాబాయి: సరే, దానికన్నా పెద్దది విను. ఏరియేటర్లు మూడు ఫేజుల మోటార్లు. ఎక్కువగా జరిగేది కరెంటు మొత్తం పోవడం కాదు, ఒక ఫేజు పోవడం. నీ కుర్రవాడు తెలివిగా మూడు ఫేజులకూ మూడు రిలేలు పెట్టాడే అనుకో. ఒక ఫేజు పోయినా తిరుగుతున్న మోటారు ఆగదు, మిగతా రెండు ఫేజులతో మూలుగుతూ తిరుగుతుంది. తిరుగుతున్నంతసేపూ, పోయిన ఫేజు తీగలోకి తానే వోల్టేజీని పుట్టించి వెనక్కి నెడుతుంది. రిలే ఆ వోల్టేజీని చూసి కరెంటు ఉందనుకుని కదలకుండా కూర్చుంటుంది. బజ్జరు మోగదు, మోటారు వైండింగు కాలిపోతుంది. బల్లమీద పరీక్షించినప్పుడు బ్రహ్మాండంగా మోగిన సర్క్యూటు చెరువు గట్టున మోగదు. ఇది నీ పుస్తకంలో ఉందా?

ఈ ఒక్క మాట ఈ చర్చలోకెల్లా విలువైనది. అభిరుచి ఎలక్ట్రానిక్స్ ఎక్కడ తప్పటడుగు వేస్తుందో ఇది సరిగ్గా చూపుతుంది. సర్క్యూటు తప్పు కాదు, అది కలిసే లోకం గురించిన ఊహ తప్పు. మూడు ఫేజుల మధ్య అసమానతను కొలిచే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్లు బజారులో దొరికేది ఇందుకే. అయితే ఇదే మాటను మరోవైపునుంచి చదవాలి. విద్యుత్ శాఖలో జీవితకాలం గడిపిన మనిషి దగ్గర ఉన్న ఈ జ్ఞానం, ఇంట్లో ఒక కుర్రవాడు రిలే పట్టుకుని కూర్చోకపోతే, బయటికి వచ్చే సందర్భమే లేదు.

అబ్బాయి: ఒప్పుకోవాలి బాబాయిగారూ. ఇంట్లో కట్టిన అలారం కరెంటు మొత్తం పోయినప్పటికి మాత్రమే పనికొస్తుంది. ఫేజు పోవడానికి ప్రివెంటరును కొనవలసిందే. లక్షల పంటను విద్యార్థి సర్క్యూటుకు ఒక్కదానికే అప్పగించకూడదు. కానీ ప్రివెంటరు ఎందుకు ట్రిప్ అయిందో తెలుసుకుని, ఫేజు ఏదో మీటరుతో చూసి, మెకానిక్కు వచ్చేలోగా సరైన పని చేయగలిగేవాడు గట్టుమీద ఉంటే అది ఆ కుర్రవాడే అవుతాడు.

బాబాయి: అక్కడిదాకా సరే. ఇప్పుడు నీ అటక సంగతి. బాగుచేస్తానని తెచ్చినవి పదుంటే బాగయ్యేది ఒకటి. మిగతా తొమ్మిదీ అక్కడే కుళ్లుతాయి. సీసం, కాడ్మియం, ట్యూబు గాజు, అన్నీ ఇంట్లోనే. దీన్ని సంరక్షణ అంటే తుక్కు కొట్టువాణ్ణి కూడా సంరక్షకుడే అనాలి.

అబ్బాయి: ఆ ఆరోపణకు ఎదురు చెప్పడం కష్టమండి. 2022నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1నుంచి అమల్లోకి వచ్చి, తయారీదారుమీద బాధ్యత పెట్టాయి గానీ, మూసిపోయిన కంపెనీ నలభై ఏళ్ల కిందట అమ్మినదానికి బాధ్యులెవరూ లేరు. పనికిరాదని తేలినదాన్ని తీగలు కాల్చి రాగి ఏరుకునేవాళ్లకు అమ్మకుండా, అనుమతి ఉన్న రీసైక్లర్లకే చేర్చాలి. అటకమీద ఎంతకాలం ఉంచాలన్నదానికి ఒక గడువు పెట్టుకోవాలి.

బాబాయి: గడువు సంగతి తరవాత. మొన్న ప్రెస్సు మూసేసినవాళ్లు ఇచ్చిన పీసీ ఉందిగా, పేజ్‌మేకర్ ఫైళ్లున్నాయని అన్నావు. దానికి ముందు ఏం చేస్తావు?

అబ్బాయి: పీసీకి ముందు కరెంటు ఇవ్వకూడదండి. దాని హార్డ్ డిస్కును విప్పి, మరో మంచి కంప్యూటరుకు ఐడీఈ అడాప్టరుతో కలిపి, దానిమీద ఒక్క అక్షరం కూడా రాయకుండా చదవడానికి మాత్రమే తెరిచి, మొత్తం డిస్కును అంగుళం వదలకుండా ఒకే ఫైలుగా నకలు తీయాలి. డిస్కు మొరాయిస్తే బాగున్న భాగాలు ముందు, చెడిన భాగాలు తరవాత తీసుకునే ప్రోగ్రాములున్నాయి. నకలు రెండు చోట్ల భద్రపరిచాకే పీసీ విద్యుత్ సరఫరా విప్పడం, కండెన్సర్లు చూడడం, డాంగిల్ పెట్టి నడపడం.

బాబాయి: అయితే ఆ పీసీ చివరికి నడవకపోయినా పుస్తకాలు మిగులుతాయి.

అబ్బాయి: ఫైళ్లు మిగులుతాయండి. వాటిని పుస్తకాలుగా మళ్లీ చదవాలంటే డాంగిల్ పట్టే యంత్రం ఒకటి నడవాలి.

బాబాయి: సరఫరా పెట్టె విప్పేరోజు కబురుపెట్టు. అది ఎస్ఎంపీఎస్. ప్లగ్గు తీసినా ప్రైమరీ వైపు పెద్ద కండెన్సర్లలో చార్జి ఉంటుంది. పిల్లలెవరినీ ఆ గదిలోకి రానివ్వకు.